పోగులు లెక్కపెట్టే అద్దంలో లోకాన్ని చూసినవాడు

బట్టల అంగట్లో గానీ, పవర్‌లూమ్ కార్ఖానాలో గానీ పనిచేసినవాళ్ళకు పిక్ గ్లాసు గురించి చెప్పాల్సిన పనిలేదు. జేబులో పట్టే చిన్న మడత అద్దం. గుడ్డ మీద పెట్టి, కన్ను ఆనించి, అంగుళానికి పడుగు పోగులెన్ని, పేక పోగులెన్ని అని లెక్కపెడతాం. సోలాపూర్‌లో అయినా, భివండీలో అయినా, సేలంలో అయినా, బరంపురంలో అయినా చేసే పని ఒక్కటే. లెక్క తేలగానే అద్దం మడిచి జేబులో వేసుకుని ఇంకో తాను తీస్తాం.

మూడున్నర వందల ఏళ్ళ కిందట ఒక బట్టల వ్యాపారి మాత్రం ఆ అద్దాన్ని జేబులో వేసి ఊరుకోలేదు. గుడ్డను చూసిన కంటితోనే ఇంకేం చూడొచ్చో అనుకున్నాడు. చెరువు నీళ్ళు చూశాడు, మిరియాలు చూశాడు, చివరికి తన పళ్ళ మీది పాచి కూడా చూశాడు. అలా చూస్తూ చూస్తూ, అప్పటిదాకా మనిషన్నవాడు ఎరగని ఒక లోకాన్నే కనిపెట్టాడు. ఆయన పేరు ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్. ఊరు హాలండు దేశంలోని డెల్ఫ్ట్. బడి పుస్తకాల్లో ఆయన పేరు సూక్ష్మజీవుల పాఠంలో ఒక్క వాక్యంగా వచ్చిపోతుంది. బట్టలమ్ముకునేవాడన్న సంగతి చాలామందికి గుర్తుండదు. మన సంచికలో ఆయన కథ చెప్పుకోవడానికి అసలు కారణం అదే.

ఇంకో కారణం కూడా ఉంది. ఇష్టమైన పని చేసుకోవాలా, కూడు పెట్టే పని చేసుకోవాలా అన్న వాదులాట ఇవాళ మన ప్రతి ఇంట్లో ఉన్నదే. పిల్లలు ఒక మాట అంటారు, పెద్దలు ఇంకో మాట అంటారు. ఎవరి మాటా తీసిపారేసేది కాదు. ఈ మనిషి బతుకు ఆ రెండింటికీ మధ్య ఒక దారి చూపిస్తుంది. అట్లాగే ఆయన చేసిన ఒక పొరపాటు కూడా చూపిస్తుంది. ఆ పొరపాటు మనవాళ్ళం కూడా తరతరాలుగా చేస్తున్నదే.

బుట్టలల్లే ఇల్లు

లీవెన్‌హుక్ 1632 అక్టోబరులో పుట్టాడు. తండ్రి బుట్టలు అల్లేవాడు. డెల్ఫ్ట్ ఊరు పింగాణీ సామాన్లకు పేరు మోసింది గనక వాటిని ఎగుమతి చేయడానికి బుట్టలకు గిరాకీ ఉండేది. తల్లి బీరు కాచి అమ్మే కుటుంబంలోంచి వచ్చింది. పిల్లవాడికి ఆరేళ్ళైనా నిండకముందే తండ్రి పోయాడు. కొన్నాళ్ళకు తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. పిల్లవాణ్ణి పక్క ఊరి బడిలో వేశారు, తర్వాత బంధువుల ఇంట్లో ఉంచారు. పెద్ద చదువులకు పోలేదు. ఆ రోజుల్లో పండితుల భాష లాటిన్. అది రానివాణ్ణి చదువుకున్నవాడిగా లెక్కేసేవారు కాదు. మనవాడికి లాటిన్ ఒక్క ముక్క రాలేదు, చనిపోయేదాకా నేర్చుకోలేదు.

1648లో, పదహారేళ్ళ వయసులో, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక బట్టల వ్యాపారి దగ్గర పని నేర్చుకోవడానికి పంపారు. అక్కడ గుడ్డ నాణ్యం చూడటం, మూర కొలవడం, పద్దులు రాయడం నేర్చాడు. నమ్మకస్తుడు గనక లెక్కల పని కూడా అప్పగించారు. పోగులు చూసే అద్దం చేతికి వచ్చింది కూడా ఈ వృత్తిలోనే.

ఇక్కడ మనకు సంబంధించిన సంగతి ఒకటి చెప్పుకోవాలి. అదే కాలంలో డచ్చి కంపెనీ ఓడలు మన తీరానికి బట్ట కోసమే వచ్చేవి. 1605లోనే వాళ్ళు మచిలీపట్నంలో కొఠీ పెట్టారు, తర్వాత పులికాట్‌లోనూ పాలకొల్లులోనూ పెట్టారు. మచిలీపట్నంలో వలందపాలెం అన్న పేటపేరు ఇప్పటికీ ఉంది. మనవాళ్ళు డచ్చివాళ్ళను వలందులనేవారు. మన మగ్గాల మీద దిగిన బట్ట, మన అద్దకంవాళ్ళు రంగులు వేసిన బట్ట, ఓడలెక్కి ఆ దేశం చేరేది. ఆ కంపెనీని నడిపిన ఆరు నగరాల శాఖల్లో డెల్ఫ్ట్‌ది కూడా ఒకటి. మన తాతలు పడుగు పోసిన కాలమూ, ఆయన అద్దంలో పోగులు లెక్కపెట్టిన కాలమూ ఒకటే.

అంగడి, ఇల్లు, దుఃఖం

1654లో సొంత ఊరికి తిరిగొచ్చి బార్బరా అన్న అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఇల్లు కొని బట్టల అంగడి పెట్టాడు. ఐదుగురు పిల్లలు పుడితే నలుగురు పసితనంలోనే పోయారు. మరియా అన్న ఒక్క కూతురు మిగిలింది. 1666లో భార్య కూడా పోయింది. అప్పటికి ఆయనకు ముప్ఫైమూడేళ్ళు. ఐదేళ్ళ తర్వాత రెండో పెళ్ళి చేసుకున్నాడు.

ఇంత జరిగినా సంసారం గాలికి వదల్లేదు. 1660లో ఊరి న్యాయాధికారుల సభా మందిరం బాగోగులు చూసే ఉద్యోగం దొరికింది. 1669లో పరీక్ష ఇచ్చి భూములు కొలిచే సర్వేయరు పట్టా తెచ్చుకున్నాడు. 1679లో ఊరికి వచ్చే ద్రాక్షసారాయి పీపాలు కొలిచే పని కూడా వచ్చింది. 1676లో, అదే ఊళ్ళో తనకు కొద్ది రోజుల తేడాతో పుట్టిన చిత్రకారుడు వెర్మీర్ అప్పులతో చనిపోయాక, ఆ ఆస్తి లెక్కలు తేల్చే బాధ్యత కూడా ఈయనకే అప్పగించారు. ఊరు ఆయన్ని ఎంత నమ్మిందో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఈ పనులన్నీ వరసపెట్టి చెప్పడం ఎందుకంటే, ఇష్టాన్ని వెతుక్కుంటూ ఇల్లు వదిలి పోయినవాళ్ళ కథలే మనం ఎక్కువగా వింటాం. ఈయన ఎక్కడికీ పోలేదు. అదే ఊరు, అదే వీధి. తొంభై ఏళ్ళ బతుకులో చాలా భాగం ఒకే ఇంట్లో గడిపాడు. పూట గడిచే ఏర్పాటు ముందు చేసుకున్నాడు, మిగిలిన పొద్దు తన ఇష్టానికి ఇచ్చాడు.

నలభయ్యో ఏట దొరికిన ఇష్టం

అద్దాల పిచ్చి ఎప్పుడు మొదలైందో గానీ, 1668లో ఆయన ఒకసారి ఇంగ్లండు వెళ్ళొచ్చాడు. అంతకు మూడేళ్ళ ముందే అక్కడ రాబర్ట్ హుక్ అనే శాస్త్రవేత్త సూక్ష్మదర్శినిలో కనిపించిన వస్తువుల బొమ్మలతో పెద్ద పుస్తకం వేశాడు. అందులో పట్టుగుడ్డ, నారగుడ్డ అల్లిక ఎలా కనిపిస్తుందో బొమ్మలున్నాయి. బట్టల వ్యాపారి కంట అలాంటి బొమ్మ పడితే ఊరుకుంటాడా? ఆ పుస్తకమే ఆయన్ని కదిలించి ఉంటుందని చరిత్ర రాసినవాళ్ళు కొందరు అంటారు.

ఆయన చేసిన పనిముట్టు చూస్తే నవ్వొస్తుంది. రెండు చిన్న ఇత్తడి రేకులు, వాటి మధ్య జొన్నగింజ కన్నా చిన్న గాజుబిళ్ళ. వెనక ఒక సూది, దాన్ని అటూ ఇటూ జరపడానికి మరలు. మొత్తం కలిపినా బొటనవేలంత. చూడదలచిన వస్తువు సూదిమొనకు అంటించి, రేకును కంటికి దాదాపు ఆనించి, వెలుతురువైపు తిరిగి చూడాలి. అంతే. కానీ ఆ గాజుబిళ్ళలో పనితనం ఉంది. ఇప్పటికీ మిగిలిన వాటిలో మేలైనది వస్తువును సుమారు 270 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. అప్పటి పెద్ద పెద్ద సూక్ష్మదర్శినులు దాని దరిదాపుల్లోకి రాలేదు. ఇలాంటివి ఐదొందలకు పైగా స్వయంగా చేసుకున్నాడు. గాజు తానే తయారుచేశాడు, రేకు తానే కొట్టాడు, మర తానే కోశాడు.

ఆ ఊళ్ళోనే రెయినియర్ డి గ్రాఫ్ అన్న కుర్ర వైద్యుడు ఉండేవాడు. ఈ పనితనం చూసి ఆశ్చర్యపోయి 1673లో లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు, మా ఊళ్ళో ఇలాంటి మనిషి ఉన్నాడని. ఆ ఉత్తరం రాసిన కొద్ది నెలలకే పాపం ఆ వైద్యుడు చనిపోయాడు. ఆయన రాసిన ఆ నాలుగు ముక్కలు లేకపోతే లీవెన్‌హుక్ పేరు డెల్ఫ్ట్ దాటేదో లేదో. మన పక్కవాడిలో పనితనం చూసినప్పుడు నోరు విప్పి ఎవరికైనా చెప్పడం ఎంత పెద్ద మేలో ఈ ఒక్క సంగతి చాలు.

మొదటి ఉత్తరంలో ఆయన రాసినవి బూజు గురించి, తేనెటీగ కొండి గురించి, పేను గురించి. అప్పటికి ఆయనకు నలభై ఏళ్ళు. అప్పటినుంచి యాభై ఏళ్ళు ఆపకుండా రాస్తూనే ఉన్నాడు.

మిరియాల నీళ్ళలో ప్రాణులు

1674 వేసవిలో ఊరి దగ్గరి చెరువు నీళ్ళు మీద పచ్చటి తెట్టు కట్టాయి. ఊరివాళ్ళు మంచువల్ల అనుకునేవారు. ఈయన కొంచెం నీళ్ళు గాజుగొట్టంలో తెచ్చి చూశాడు. పచ్చటి మెలికల పోగులు కనిపించాయి. వాటి మధ్య చిన్న చిన్న ప్రాణులు ఈదుతూ, గిరగిరా తిరుగుతూ కనిపించాయి.

రెండేళ్ళ తర్వాత ఆయనకు ఇంకో అనుమానం వచ్చింది. మిరియం నాలుక మీద ఎందుకు మండుతుంది? గింజకు కంటికి కనపడని ముళ్ళేమైనా ఉన్నాయా? మిరియాలు నీళ్ళలో నానబెట్టాడు. కొన్ని వారాలకు ఆ నీళ్ళు చూస్తే ముళ్ళు కనపడలేదు గానీ, అంతకుముందు చూసినవాటికన్నా కూడా చిన్న ప్రాణులు లెక్కలేనన్ని కనిపించాయి. మనిషి కంటికి బాక్టీరియా కనిపించిన మొదటి సందర్భం ఇదేనని ఇవాళ చెప్పుకుంటున్నాం. 1676 అక్టోబరులో ఈ వివరాలన్నీ పెద్ద ఉత్తరంగా రాసి లండన్ పంపాడు.

ఎంత చిన్నవి అని అడిగితే ఏం చెప్పాలి? అప్పటికి దానికి కొలత లేదు. బట్టల మనిషి గదా, తెలిసినదానితో తెలియనిదాన్ని కొలిచాడు. ఒక ఇసుక రేణువు పక్కన పెడితే దాని పొడవునా ఎన్ని పడతాయి అని లెక్క వేశాడు. అంగుళానికి ఎన్ని పోగులని లెక్కపెట్టిన అలవాటే అది. చేతిలో ఉన్న విద్య ఎక్కడికీ పోదు, పని మారితే రూపం మార్చుకుంటుంది.

లండన్‌వాళ్ళు ఒక్కసారిగా నమ్మలేదు. వాళ్ళు చూస్తే మొదట ఏమీ కనపడలేదు. ఒక గుడ్డలమ్మేవాడు ఏదో ఊహించి రాశాడనుకోవడానికి కావలసినంత అవకాశం ఉంది. ఈయన కోపం తెచ్చుకుని ఉత్తరాలు మానలేదు. ఊళ్ళోని పెద్దమనుషుల్ని, చర్చి పాదిరీల్ని పిలిచి చూపించి, వాళ్ళ సాక్ష్యాలు రాయించి పంపాడు. 1677 నవంబరులో రాబర్ట్ హుక్ స్వయంగా మిరియాల నీళ్ళు నానబెట్టి సభ్యులందరికీ ఆ ప్రాణుల్ని చూపించాడు. 1680లో ఆయన్ని రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నుకున్నారు. ఆ సభకు ఆయన ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఇంటి దగ్గర పని ఉంది గదా.

1683లో తన పళ్ళ మధ్య పాచి తీసి చూశాడు. ఆయన రోజూ ఉప్పుతో పళ్ళు తోముకునే మనిషి, మన తాతల్లాగానే. అయినా అందులో ప్రాణులు గుంపులుగా ఉన్నాయి. బతుకంతా పళ్ళు తోమని ఒక ముసలాయన నోట్లో ఇంకా ఎక్కువ కనిపించాయి. ఎర్ర రక్తకణాలు చూశాడు, సన్నటి రక్తనాళాల్లో రక్తం పారడం చూశాడు, మగబీజ కణాలు చూశాడు. దూదిపోగు గుండ్రంగా కాకుండా చదునుగా, అంచులతో ఉంటుందని కూడా గమనించాడు. పాత వృత్తి మీద మమకారం పోలేదన్నమాట. 1698లో రష్యా చక్రవర్తి పీటర్ పడవలో డెల్ఫ్ట్ వచ్చినప్పుడు కబురంపి పిలిపించుకున్నాడు. ఈల్ చేప తోకలో నెత్తురు పరుగెత్తడం ఆ రాజుకు చూపించింది ఈ బట్టల వ్యాపారే.

ఇంటి మాటలోనే

ఇందాక లాటిన్ రాదన్నాం గదా. మరి ఉత్తరాలు ఏ భాషలో రాశాడు? ఇంట్లో మాట్లాడే డచ్చి భాషలో. అదీ పండితుల డచ్చి కాదు, సంతలో మాట్లాడుకునే మాట. అప్పటి శాస్త్రలోకంలో అది చిన్నతనమే. చూసినదాన్ని చూసినట్టు రాశాడు, అలంకారాలు లేవు. రాయల్ సొసైటీకి దాదాపు 190 ఉత్తరాలు పంపాడు. అనువాదం చేసుకునే బాధ లండన్‌వాళ్ళు పడ్డారు. సరుకు మంచిదైతే కొనేవాడే భాష నేర్చుకుంటాడు.

బడిలో మరాఠీ, కన్నడం, తమిళం, ఒడియా చదివి ఇంట్లో తెలుగు మాట్లాడే మన పిల్లలకు ఈ ముక్క చెప్పాలి. వేరే భాషలు నేర్చుకోవద్దని కాదు, నాలుగు నేర్చుకుంటే నాలుగు మేళ్ళు. కానీ ఇంటి మాట తప్ప రాదని తలవంచుకున్నవాడు ముందు తన పని ఎలా ఉందో చూసుకోవాలి. పని గట్టిదైతే తల ఎత్తుకోవచ్చు.

దాచుకున్న విద్య

ఇంత గొప్ప మనిషిలో ఒక లోపం ఉంది, అది దాచి చెప్పడం మర్యాద కాదు. అద్దం చేసే విధానం ఆయన ఎవరికీ చెప్పలేదు. చూడవచ్చినవాళ్ళకు మామూలు అద్దాలే చూపించేవాడు, మేలైనవి తన కోసం ఉంచుకునేవాడు. జర్మనీ పండితుడు లైబ్నిజ్ ఆయనకు ఉత్తరం రాసి, కుర్రవాళ్ళను చేరదీసి ఈ విద్య నేర్పమని సలహా ఇచ్చాడు. ఆయన ఒప్పుకోలేదు. ఈ పనికి కావలసిన ఓపిక, శ్రద్ధ చాలామందికి ఉండవని, వచ్చేవాళ్ళు డబ్బు కోసమో పేరు కోసమో వస్తారని ఆయన భావం.

1723 ఆగస్టులో, తొంభై ఏళ్ళ వయసులో, చనిపోయాడు. చివరి రోజుల్లో కూడా తన జబ్బు తానే గమనించుకుంటూ వివరాలు రాయించాడు. కూతురు మరియా పెళ్ళి చేసుకోకుండా తండ్రి దగ్గరే ఉండిపోయింది. ఆయన కోరిక ప్రకారం 26 వెండి సూక్ష్మదర్శినులున్న చిన్న బీరువాను లండన్ పంపింది. ఊరి పాత చర్చిలో తండ్రికి స్మారకం కట్టించింది. ఆమె కూడా పోయాక 1747లో మిగిలినవన్నీ వేలం వేశారు. లండన్ పంపినవి తర్వాతి కాలంలో కనపడకుండా పోయాయి. ఐదొందలకు పైగా చేసినవాటిలో ఇవాళ లోకంలో మిగిలినవి డజను దాకా.

దాని ఫలితం ఏమైంది? ఆయన చూసిన చిన్న ప్రాణులే జబ్బులు తెస్తాయని పాశ్చర్, కోచ్ నిరూపించడానికి దాదాపు 200 ఏళ్ళు పట్టింది. ఆలస్యానికి కారణాలు చాలా ఉన్నాయి, ఒక్క మనిషి మీదే నెట్టలేం. కానీ ఆయన చేతి విద్య నలుగురికి వచ్చి ఉంటే ఆ నడక కొంతైనా ముందు మొదలయ్యేది. ఆయన అద్దం రహస్యం 2021లో గానీ బయటపడలేదు. న్యూట్రాన్ కిరణాలతో ఆ రేకుల లోపలికి చూస్తే, మేలైన అద్దం గాజును కరిగించి చేసిన చిన్న పూస అని తేలింది. అలా పూస చేసే పద్ధతిని రాబర్ట్ హుక్ ఎప్పుడో తన పుస్తకంలో రాసే ఉంచాడు. అంటే ఆయన దాచింది పద్ధతిని మాత్రమే కాదు. పద్ధతి పుస్తకంలో ఉన్నా చేతికి రావాలంటే పక్కన కూచోబెట్టి నేర్పేవాడు కావాలి.

ఇది చదువుతుంటే మన ఇళ్ళు గుర్తుకు రావడంలేదా? ఫలానా రంగు కలిపే పాళ్ళు ఆ తాతకే తెలుసు, ఆయనతోనే పోయింది. ఫలానా అంచు నేసే విధం ఆ ఇంటివాళ్ళదే, కొడుకులు కంపెనీ ఉద్యోగాలకు పోయాక ఆ మగ్గం అటక ఎక్కింది. పక్కింటివాడికి తెలిస్తే మన గిరాకీ పోతుందని దాచాం. చివరికి గిరాకీ కూడా పోయింది, విద్య కూడా పోయింది. ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడంలేదు. పేదరికంలో దాచుకున్నది అదొక్కటే ఆస్తి గనక దాచారు. కానీ ఇంకా మిగిలిన కొన్ని చేతులున్నాయి. వాళ్ళ దగ్గర కూచోవాల్సింది ఇప్పుడే.

చివరిగా

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ ఇష్టం ఏమిటో ఇరవై ఏళ్ళకే తెలియలేదని కంగారు పడకండి. ఈయనకు నలభై దగ్గర పడ్డాకే పూర్తిగా తెలిసింది. ఎక్కడో దూరాన ఉందని కూడా అనుకోకండి. ఆయనకు అది రోజూ చేతిలో ఆడే పనిముట్టులోనే దొరికింది. మీరు చేసే పనిలో ఏ ముక్క దగ్గర ఆగి మళ్ళీ మళ్ళీ చూడబుద్ధవుతుందో, ఎక్కడ ఎందుకు అన్న అనుమానం వస్తుందో, అక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగి చూడండి. జీతం పని జీతానికే చేయండి, అందులో తలవంపు లేదు. సాయంత్రం ఒక గంట మాత్రం ఎవరికీ ఇవ్వకుండా మీ ఇష్టానికి ఉంచుకోండి.

అన్నలూ, అక్కలూ, పెద్దలూ, మీ చేతిలో ఉన్నది ఒక్కరికైనా నేర్పండి. మీ పిల్లలకే అక్కర్లేదు, వీధి చివరి పిల్లకైనా సరే. వచ్చేవాడికి ఓపిక లేదని ముందే తీర్మానించకండి. పదహారేళ్ళ వయసులో ఆమ్‌స్టర్‌డామ్ అంగట్లో మూర కొలుస్తున్న ఆ పితృహీనుణ్ణి చూసి, వీడు లోకానికి కొత్త కళ్ళు ఇస్తాడని ఎవరైనా అనుకుని ఉంటారా? అయినా ఆ అంగడివాళ్ళు పని నేర్పారు. అద్దం చేతికిచ్చారు. మిగతాది ఆ పిల్లవాడు చూసుకున్నాడు.